పింఛను సిపాయి నవల రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నవల తొలి అధ్యాయాలు చదివాను. ఇండియాలో కొలువు చేసి, పింఛను పుచ్చుకుని, పెళ్లాం పిల్లలతో న్యూజిలాండ్ వలసపోయిన బ్రిటిష్ సిపాయి కథ ఎత్తుకోవడం నాకు చాలా నచ్చింది. మన కథల్లో తెల్లవాడంటే గుర్రమెక్కిన కలెక్టరో, పెత్తనం చేసే కెప్టెనో. వాళ్ల కింద పడి బతికిన తెల్ల పేదజనం మీద మన చూపు పెద్దగా పడలేదు. నీ చూపు పడింది. కానీ ఓడ దిగేసరికి నీ మనిషి కూడా కెప్టెన్‌లాగే నడుస్తున్నాడమ్మా. చేతిలో డబ్బు, ఎదురుగా ఎవరిదీ కాని నేల. అక్కడ నాకు నమ్మకం కుదరలేదు.

ముందు అతని డబ్బు లెక్క వెయ్యి. 1847లో చట్టం మారేదాకా పటాలంలో చేరడమంటే దాదాపు బతుకంతా రాసిచ్చేయడమే. సిపాయికి రోజుకు ఒక షిల్లింగు, అందులోనూ కోతలు. ఏళ్ల తరబడి చేసినవాడికో, గాయంతో, రోగంతో పనికిరాకుండా పోయినవాడికో, సిపాయిల పింఛన్లు చూసే లండన్‌లోని చెల్సీ ఆసుపత్రి ఇచ్చే పింఛను చాలామందికి ఆ షిల్లింగుకన్నా తక్కువే. ఆ కాస్త డబ్బుతో, అరిగిపోయిన ఒంటితో ఐర్లాండ్‌లోని సొంతూరికి పోదామంటే అక్కడ 1845 నుంచి బంగాళాదుంప పంట కుళ్లి కరువు. ఇంత తెలిశాక అతను ఓడ ఎందుకెక్కాడో పాఠకుడికి నువ్వు వివరించి చెప్పనక్కర్లేదు.

అతన్ని ఎందుకు ఎక్కించుకున్నారో మాత్రం చెప్పాలి. 1845లో న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీల పెద్ద హోనే హేకే, ఉత్తరాన కొరొరారేకా ఊళ్లో బ్రిటిష్ జెండా కొయ్య నరికించి యుద్ధానికి దిగాక ఆక్లండ్‌కు భయం పట్టుకుంది. గవర్నర్ జార్జ్ గ్రే సైన్యం కావాలన్నాడు. లండన్ చవక మార్గం చూసుకుంది. అదే రాయల్ న్యూజిలాండ్ ఫెన్సిబుల్స్ దళం. 1847 ఆగస్టులో వచ్చిన రామిలీస్ ఓడతో మొదలుపెట్టి 1852 దాకా ఏడు వందల పైచిలుకు పింఛనుదారుల్ని, కుటుంబాలతో కలిపి రెండున్నర వేలమందికి పైగా జనాన్ని ఆక్లండ్ చుట్టూ కాపుగా దించారు. ఒనెహుంగా, ఒటాహుహు, పాన్మ్యూర్, హోవిక్ ఊళ్లు అలా లేచినవే. ఏడేళ్లు కట్టుబడి ఉంటే చిన్న ఇల్లు, ఒక ఎకరం. ఆదివారం ఆయుధాలతో చర్చి పరేడ్‌కు రావాలి, ఏడాదికి పన్నెండు రోజులు డ్రిల్లు. తీరా హోవిక్‌లో దిగితే ఇళ్లే కట్టలేదు. పిల్లాపాపలతో షెడ్లలో తలదాచుకున్నారు. ఈ ఘట్టాన్ని నువ్వు రెండు వాక్యాల్లో దాటేశావు. నేనైతే ఒక అధ్యాయం రాస్తాను. ఆ తర్వాత ఎకరం చాలక రోడ్డు పనికి, కూలికి పోయారు. అదీ రాయి.

వివరాల కోసం ఊహ మీద ఆధారపడకు. ఈ సిపాయిల డిశ్చార్జి కాగితాలు లండన్‌లో క్యూ దగ్గరున్న నేషనల్ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి. పుట్టిన ఊరు, చేరకముందు చేసిన పని, ఎత్తు, కళ్ల రంగు, గాయాలు, నడవడి, ఎందుకు పంపేశారో, అన్నీ రాసి ఉంటాయి. చదువురానివాడు సంతకం చోట గుర్తు పెడతాడు. ఆ గుర్తు దగ్గర కాసేపు ఆగి నీ మనిషిని చూడు. అతని పటాలం మన లష్కర్‌లో, అదే సికింద్రాబాద్‌లో, ఉన్నట్టు తేలితే ఆ ఏళ్లు రాయి. తేలకపోతే మనవాళ్లకు నచ్చుతుందని బలవంతాన తెచ్చి అతికించొద్దు.

ఆ కాగితాల్లో కనబడనిది భార్య. పటాలం విదేశానికి బయల్దేరితే కొద్దిమంది భార్యలకే ఓడలో చోటు. ఎవరు వెళ్లాలో చీటీలు వేసి తేల్చేవాళ్లు. చీటీ రానివాళ్లు రేవులోనే మిగిలిపోయేవాళ్లు. అలాంటిది, ఫెన్సిబుల్స్‌కు పెళ్లాం పిల్లల్నీ తీసుకెళ్లమన్నారంటే అది ఆమెకు ఎంత పెద్ద మాటో ఆలోచించు. నీ నవలలో ఆమెకింకా పేరు కూడా లేదు.

చివరిగా, నాకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. ఆ ఎకరం ఎవరిది? నీ సిపాయి పేదవాడన్నది నిజం. అతని పేదరికాన్ని తీర్చడానికి ఇచ్చిన నేల మావోరీలదన్నదీ అంతే నిజం. వీటిలో ఒకటి రాసి రెండోది వదిలేస్తే నవల అబద్ధమవుతుంది. వైకాటో మావోరీ తెగల పెద్ద టే ఫెరోఫెరో 1849లో ఆక్లండ్‌కు రక్షణగా నిలబడతానని ఒప్పుకుని, ఫెన్సిబుల్స్ ఊళ్లకు దగ్గర్లోనే మాంగెరేలో తన మనుషుల్ని ఉంచాడు. అంటే అక్కడా ఇక్కడా కాపలాదారులే, ఇరుగుపొరుగే. 1863 జూలైలో అదే గ్రే, రాణికి విధేయులమని ప్రమాణం చెయ్యండి, లేదా వెళ్లిపొండి అని ఆ చుట్టుపక్కల మావోరీలకు హుకుం జారీ చేశాడు. చాలామంది వెళ్లారు. నేలలు జప్తయ్యాయి. ఆ రోజు నీ సిపాయి తన ఎకరంలో నిలబడి ఏం చేశాడు? సాయం చేశాడా, తలుపేసుకున్నాడా, తుపాకీ పట్టాడా? అతన్ని మంచివాణ్ణి చెయ్యాలని తాపత్రయపడకు. నువ్వు రాసిన మనిషి ఏం చేస్తాడో అదే చెయ్యనివ్వు.

ఆ 1863 అధ్యాయం ముందు రాసి పంపు. మిగతావి దాన్నిబట్టి సరిచేసుకోవచ్చు.

ఆశీస్సులతో.