నిజాం కాలం నాటివని అమ్మిన చాంద్‌బాలీలు కొత్తవైతే?

ప్రశ్న: మా అమ్మాయి పెళ్లికని నిరుడు హైదరాబాద్‌లో ఒక షాపులో రూ.2.40 లక్షలు పెట్టి చాంద్‌బాలీలు (నెలవంక ఆకారపు చెవి నగలు) కొన్నాను. నిజాం కాలం నాటివి, కెంపులు అసలువి, ముత్యాలు బస్రావి (సముద్రంలో సహజంగా దొరికినవి) అన్నారు. మొన్న ఒక ముత్యం ఊడితే మా ఊరి కంసాలికి చూపించాను. ఈమధ్య చేసినవేనని, కెంపుల్లో గాజు నింపారని, ముత్యాలు కల్చర్డ్ (పెంపకంలో తయారైనవి) అని చెప్పాడు. షాపువాళ్లేమో ‘బిల్లులో యాంటిక్ అని రాశాం, అంటే పాత ఫినిషింగ్ అని’ అంటున్నారు. కేసు వేయవచ్చా? – ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: వేయవచ్చు. అంతకన్నా ముందు ఒక్క పని చేయండి. ఊడిన ముత్యాన్ని మళ్లీ గుచ్చించవద్దు. మెరుగు పెట్టించవద్దు. షాపువాళ్లు ‘ఇటివ్వండి, సరిచేసి ఇస్తాం’ అన్నా ఇవ్వవద్దు. మీ చేతిలోని అసలు సాక్ష్యం ఆ జతే.

కంసాలి మాట నిజమే కావచ్చు, కానీ కేసుకు అదొక్కటే చాలదు. రత్నాలు పరీక్షించే ల్యాబ్‌లో రిపోర్టు తీసుకోండి. సీసపు గాజు నింపిన కెంపును లూప్ (నగల పరీక్షకు వాడే భూతద్దం) కింద పెడితే లోపల బుడగలు, పక్కకు తిప్పితే నీలి మెరుపు కనిపిస్తాయి. ముత్యం సహజమా, కల్చర్డా అన్నది ఎక్స్‌రేలో తేలుతుంది.

పాత నమూనాలో కొత్త నగ చేయడం తప్పు కాదు. అంత చక్కగా చేసే పనివాళ్లు మనకున్నారు, వాళ్ల పనికి విలువ ఉంది. కొత్తదాన్ని నిజాం కాలానిదని చెప్పి, ఆ ధర గుంజడమే మోసం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(47) ప్రకారం వస్తువు నాణ్యత గురించి, అది దేంతో చేశారన్న దాని గురించి అబద్ధం చెప్పి అమ్మడం అనుచిత వ్యాపార పద్ధతి. అది నోటిమాటగా చెప్పినా సరే. కాబట్టి ‘బిల్లులో అలా రాశాం’ అన్నంత మాత్రాన వాళ్లు తప్పించుకోలేరు. వాట్సాప్‌లో పంపిన ఫొటోలు, మెసేజ్‌లు ఉంటే చెరపకండి. కొనేటప్పుడు మీ వెంట వచ్చినవారి సాక్ష్యం కూడా పనికొస్తుంది.

బిల్లులో బంగారం నికర బరువు విడిగా ఉందో లేదో చూడండి. రాళ్లు, ముత్యాల బరువును కూడా బంగారంలో కలిపేసి ఉంటే అది మరో ఫిర్యాదు. హాల్‌మార్క్ లేదని మాత్రం తొందరపడకండి. కుందన్, పోల్కీ, జడావ్ వంటి రాళ్లు పొదిగిన సంప్రదాయ నగలకు తప్పనిసరి హాల్‌మార్కింగ్ నుంచి మినహాయింపు ఉంది.

రిపోర్టు జతచేసి, డబ్బు వాపసు కోరుతూ 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. స్పందించకపోతే మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు, హైదరాబాద్ వెళ్లనక్కర్లేదు. చెల్లించిన సొమ్ము రూ.5 లక్షల లోపు కాబట్టి ఫీజు ఉండదు. అవతలివాళ్లు మీ రిపోర్టును కాదంటే, అదే చట్టంలోని సెక్షన్ 38 కింద కమిషనే ఆ జతకు సీలు వేసి ల్యాబ్‌కు పంపగలదు. నగను ముట్టుకోనివ్వవద్దన్నది అందుకే. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. ఎప్పటి నుంచి లెక్క అన్న వాదనకు తావివ్వకుండా, కొన్న తేదీ నుంచే లెక్కేసుకుని ఆలోపే వేసేయండి.