ఐదు ట్యూబులూ మార్చాలా?

ప్రశ్న: అనంతపురంలో ఓ చర్చిలో గిటార్ వాయిస్తాను సార్. నాలుగేళ్ల కిందట బెంగళూరులో సెకండ్‌హ్యాండ్‌లో 40 వాట్ల ట్యూబ్ ఆంప్ (గాజు ట్యూబులతో, అంటే వాల్వులతో నడిచే గిటార్ ఆంప్లిఫయర్) కొన్నాను. రెండు పెద్ద ట్యూబులు 6ఎల్6, మూడు చిన్నవి 12ఏఎక్స్7. ఈమధ్య సౌండ్ మొద్దుబారింది, ఒకప్పుడు 3 మీద సరిపోయే వాల్యూమ్ ఇప్పుడు 5 దాకా తిప్పాల్సి వస్తోంది, దానికితోడు మధ్యమధ్యలో చిటపటమంటోంది. కొన్న షాపులో అడిగితే ఐదూ మార్చేయాలన్నారు. నిజంగా అంత అవసరమా? నేనే మార్చుకోవచ్చా?

జవాబు: ఐదూ అక్కర్లేదు. మీరు రాసినవి రెండు వేర్వేరు జబ్బులు, షాపువాళ్లు రెంటికీ కలిపి ఒకటే మందు రాసిచ్చారు.

సౌండ్ మొద్దుబారిందంటే ముందు పెద్ద ట్యూబులనే అనుమానించాలి. ట్యూబు నడుమ కేథోడ్ అని ఒకటి ఉంటుంది, దాని పూత వేడెక్కి ఎలక్ట్రాన్లను వదులుతుంది, వాడేకొద్దీ ఆ పూత సత్తువ తగ్గిపోతుంది. 6ఎల్6 మీరు ఏమీ వాయించకపోయినా ముప్పై, నలభై మిల్లీ ఆంపియర్లు లాగుతుంటే, 12ఏఎక్స్7లో (ఒకే గాజులో రెండు సగాలుంటాయి) ఒక్కో సగం లాగేది ఒక మిల్లీ ఆంపియర్ చుట్టుపక్కలే. అందుకే పెద్దవి రెండు-మూడేళ్లకు అలసిపోతాయి, చిన్నవి చాలా ఏళ్లు నడుస్తాయి. మీవి నాలుగేళ్లు, అంతకుముందు దాని పాత యజమాని ఎన్నాళ్లు వాడాడో! కాబట్టి 6ఎల్6 రెండూ మార్చండి, విడివిడిగా కాకుండా మ్యాచ్డ్ పెయిర్ (ఒకేలా కరెంటు లాగే జత) అని అడిగి తీసుకోండి.

చిటపట సంగతి వేరు. ముందు కేబుల్ మార్చి చూడండి, నవ్వకండి, చాలాసార్లు దోషం అక్కడే దొరుకుతుంది. నాబ్ తిప్పినప్పుడే చిటపటమంటే అది ట్యూబు కాదు, నాబ్ కింద తిరిగే పాట్ (వాల్యూమ్ లాంటివి పెంచి తగ్గించే భాగం)లో చేరిన దుమ్ము. మన అనంతపురం దుమ్ము గురించి మీకు నేను చెప్పాలా? ట్యూబు పిన్నులకూ అదే పడుతుంది, ఆంప్ ఆపి, చల్లారాక ట్యూబులు తీసి పిన్నులకు కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరాక రెండు మూడుసార్లు పెట్టి తీస్తే చాలావరకు పోతుంది. అప్పటికీ పోకపోతే ఆంప్ ఆన్‌లో పెట్టి, వాల్యూమ్ కొంచెం పెంచి, చెక్క పెన్సిల్‌తో ఒక్కో చిన్న ట్యూబును మెల్లగా తట్టండి. ఏది తట్టినప్పుడు స్పీకర్‌లో గట్టిగా చిటపటమంటుందో దొంగ అదే. ఇన్‌పుట్ పక్కనున్న ట్యూబు మాత్రం బాగున్నా కాస్త టింగుమంటుంది. ఒక్క 12ఏఎక్స్7 కొని పెట్టుకుంటే చాలు, వంతులవారీగా మార్చి చూసుకోవచ్చు.

మార్చడం మీరే చేయవచ్చు. ప్లగ్ పీకేసి అరగంట ఆగండి. స్ప్రింగ్ క్లిప్ ఉంటే పక్కకు జరిపి, ట్యూబును కిందివైపు పట్టుకుని మెల్లగా అటూ ఇటూ కదుపుతూ నిలువుగా లాగండి. 6ఎల్6కు నడుమ ప్లాస్టిక్ ముక్కుకు ఒకపక్క ఉబ్బెత్తు గీత ఉంటుంది, అది సాకెట్‌లోని గాడిలో కూర్చోవాలి, 12ఏఎక్స్7కు తొమ్మిది పిన్నుల మధ్య ఒకచోట ఖాళీ ఉంటుంది, అవి చూసుకుని పెడితే తప్పు పోదు. స్పీకర్ వైరు తగిలించకుండా మాత్రం ఆన్ చేయకండి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతే ఆ ఖర్చు ముందు ట్యూబుల ఖర్చు ఏమూలకీ రాదు.

ఇక బయాస్. మెకానిక్ బండికి ఐడ్లింగ్ పెట్టినట్టు, వాయించనప్పుడు ట్యూబు ఎంత కరెంటు లాగాలో సెట్ చేయడమన్నమాట. కొన్ని ఆంపులు తామే సర్దుకుంటాయి, కొన్నిటికి పెట్టాలి, మీది ఏ రకమో మాన్యువల్‌లో చూడండి. 6ఎల్6లో జీసీ రకానికి ప్లేటు (ఎలక్ట్రాన్లను అందుకునే లోపలి లోహపు రేకు) తట్టుకునేది 30 వాట్లు, చాలామంది అందులో 70 శాతం, అంటే 21 వాట్లు మించనివ్వరు. ప్లేటు మీద 420 వోల్టులుంటే అది 50 మిల్లీ ఆంపియర్లు. ఇది మాత్రం మీరు చేయొద్దు. ప్లగ్ పీకాక కూడా లోపలి కెపాసిటర్లలో (కరెంటును నిలవ ఉంచే భాగాలు) నాలుగొందల వోల్టులు నిలిచి ఉండొచ్చు, చెయ్యి తగిలితే ప్రాణం మీదికే వస్తుంది. పాతూరు వైపు ఆకాలంలో వాల్వు రేడియోలు బాగుచేసిన మెకానిక్ ఎవరైనా ఉన్నారేమో వాకబు చేయండి, వాళ్లకిది కొత్త కాదు. అక్కడ ట్యూబు అంటే సైకిల్ ట్యూబు చూపిస్తారు, వాల్వు అనే అడగండి!

కొత్తవి పెట్టాక లైటు ఆర్పి కాసేపు గమనించండి. ఫిలమెంటు నారింజరంగులో వెలగడం మామూలే, గాజు మీద నీలం ఛాయ ఉన్నా టెన్షన్ వద్దు, లోపలి బూడిదరంగు ప్లేటే ఎర్రబడుతుంటే మాత్రం వెంటనే ఆపేయండి. ఇంకోటి, ఆరాధన అవ్వగానే వేడి ఆంపును ఆటోలో వేసి గుంతల్లో తిప్పే అలవాటుంటే మానుకోండి. బయట సువార్త కూటాల్లో జనరేటర్ మీద వాయించేటప్పుడు వోల్టేజీ మీటర్‌తో చూశాకే ప్లగ్ పెట్టండి.

ప్రశ్న: కడపలో మా తాత మైకుసెట్టు అద్దెకిచ్చేవాడు. ఆయన పాత ఆంప్లిఫయర్‌లో ఈఎల్34 రెండు, ఈసీసీ83 ఒకటి ఉన్నాయి. వాటిని నా గిటార్ ఆంప్‌లో 6ఎల్6, 12ఏఎక్స్7 బదులు పెట్టొచ్చా?

జవాబు: ఈసీసీ83 అంటే 12ఏఎక్స్7కే యూరప్ పేరు, నిక్షేపంగా పెట్టుకోండి. దానిమీద బీఈఎల్ అని ఉందేమో చూడండి, మన బెంగళూరు బీఈఎల్ ఒకప్పుడు వాల్వులు చేసింది. ఇప్పుడు దొరికేవి ఎక్కువగా స్లొవేకియా, రష్యా, చైనా సరుకు. ఈఎల్34 మాత్రం సాకెట్‌లో పట్టింది కదాని పెట్టేయకండి. దాని ఫిలమెంటు 1.5 ఆంపియర్లు లాగుతుంది, 6ఎల్6 లాగేది 0.9, అంత అదనపు బరువు మీ ట్రాన్స్‌ఫార్మర్ మోయకపోవచ్చు. ఒకటో పిన్ను వైరింగూ వేరు, బయాసూ వేరు. వాటిని తాత మైకుసెట్టులోనే ఉండనివ్వండి, ఆ ఆంప్లిఫయర్‌నే ఒకసారి మెకానిక్‌కు చూపించి, కెపాసిటర్లు మార్పించి నడిపించుకోండి.