డప్పు మూగబోలేదు తమ్మీ

తమ్మీ,

డప్పు కొట్టే మల్లయ్య సావు మీద నువ్వు రాసిన కథ అందింది. రెండుసార్లు చదివిన. మల్లయ్య పెండ్లాం రాజవ్వ ఆయన సిర్రను, డప్పు కొట్టే పుల్లను, కొంగుకు ముడేసుకున్న కాడ కొద్దిసేపు ఆగిన. ఆ వాక్యం ముట్టకు. మిగిలిన దాని గురించే ఈ ఉత్తరం.

"మల్లయ్యతోపాటు ఊరి డప్పు మూగబోయింది" అని ముగించినవు. ఈ ముగింపు ఎన్ని కథలల్ల చదివిననో లెక్క లేదు. గొంతు మూగబోయింది, గజ్జె మూగబోయింది, ఒగ్గు మూగబోయింది. డప్పు కొట్టేటోడు సచ్చిననాడు డప్పు మూగబోవుడేంది? ఆనాడే గట్టిగ మోగుతది. ఊర్ల అందరి సావులకు కొట్టినోడు పోతే వానికి కొట్టేది ఎవరు? వాని జట్టే, పక్కూర్ల జట్లే. కబురు అందంగనే ఎవరి డప్పు వాళ్లు సంకల పెట్టుకొని వస్తరు. సొంత మనిషి కాబట్టి కూలి మాట ఎత్తరు. నీ కథ అసలు మొదలు కావాల్సింది ఈడ. నువ్వు ఈడనే తలుపేసినవు.

ఆ పొద్దు ఏం జరుగుతదో దగ్గరికిపోయి చూడు. పాడె కట్టేటప్పుడే ఓ మూలకు గడ్డి మంట పెడతరు. కట్టెల నిప్పుల మీద కాదు, గడ్డి మీదనే ఎందుకంటే దాని మంట ఎత్తుగ లేస్తది, ఇట్లే ఆరిపోతది. చేతిల పట్టుకున్న డప్పును మూరెడు దూరంల, తోలు మంట దిక్కుకు పెట్టి, చక్రం తిప్పినట్టు తిప్పుతరు. తిప్పకపోతే నడుమ తొందరగ ఎండుతది, అంచు మెత్తగనే ఉంటది. వేలుతోటి ఒక్కటి తట్టి ఇంటరు. "దబ్" అంటే ఇంక కాగాలె, "ఖణ్" అంటే సాలు. అది దాటినంక కూడ మంట కాడనే పెడితే తోలు గుంజుకపోయి పగులుతది, లేకుంటే చింతగింజల జిగురుతోటి చట్రానికి అతికిన కాడ లేస్తది. అప్పుడు ఆ డప్పు ఆనాటికి పనికిరాదు. తొవ్వ పొడుగున నాలుగైదు సార్లన్న ఆగి మళ్ల కాపుకోవాలె. ఇప్పుడు ఫైబర్ డప్పులొచ్చినయి, బోల్టులు బిగిస్తే సాలు, మంటతోటి పనిలేదు. వాటి మోత వేరు, టకటక అంటది. జట్టుల ఇద్దరు ముసలోళ్లు తోలు డప్పులతోటి, నలుగురు పిల్లగాండ్లు ఫైబర్ వాటితోటి వస్తే రెండు మోతలు కలవయి. ఆ కలవని మోత నీ కథకు ఎంత పనికొస్తుండె!

సావు దెబ్బ వేరు, పెండ్లి దెబ్బ వేరు, దేవుని దెబ్బ వేరు. కుడిచేతి సిర్ర బరువు మోస్తది, ఎడమచేతి సిటికెన పుల్ల సందులు నింపుతది. దింపుడుకల్లం కాడ పాడె దించి, చెవుల పేరు పెట్టి పిలిచేటప్పుడు డప్పులు ఆపుతరు. నీకు మూగతనమే కావాల్నంటే అది ఆడ ఉన్నది, పిలుపు అయ్యేదాకనే. తర్వాత మళ్ల అందుకునే మొదటి దెబ్బ ఎవరు వేసిండ్రు? మల్లయ్య దగ్గర నేర్చుకున్నోడా, మల్లయ్యతోటి పంచాయితీ పెట్టుకున్నోడా? అది రాయి.

ఈ సంగతులు నీకు తెల్వయని అంటలేను. తెలిసీ తీసేసినవేమో అని అనుమానం. ఆదివారం అనుబంధాలోళ్లకు "అంతరించిపోతున్న కళ" అంటేనే పేజీ దొరుకుతది. బతికున్న కళకు జాగ లేదు. నేను "సావు దెబ్బ" అని రాస్తే ఒక సంపాదకుడు దాన్ని "విషాద వాద్యం" అని దిద్ది అచ్చేసిండు. ఆ రెండు ముక్కలు నా పేరు మీదనే ఉన్నయి ఇయ్యాల్టికి. అసొంటోళ్ల కోసం రాయకు.

ఒగ్గుకథ చెప్పే చుక్క సత్తయ్య 2017ల పోయిండు. అంతకుముందు 2010ల ఇంకో ఒగ్గుకథకుడు మిద్దె రాములు పోయిండు. ఒగ్గుకథ ఆగిందా? సంక్రాంతికి ఐలోని (ఐనవోలు) మల్లన్న జాతరకు పో. డోలు దెబ్బకు నీ రొమ్ము అదురుతది. అట్లని ఏం పోలేదని కూడ రాయొద్దు. 2022ల పద్మశ్రీ అందుకున్న కోయ డోలి (డోలు కొట్టి పాడే) కళాకారుడు సకిని రామచంద్రయ్య 2024ల పోయిండు. సమ్మక్క సారలమ్మల కథ కోయ భాషల పాడేటోడు. అసొంటి మనిషి పోయినప్పుడు, ఏ కథ ఎంతవరకు ఎవరికి అప్పజెప్పిండు, ఏది ఆయన నోట్లనే ఉండిపోయింది అని పేరుపేరున రాయాలె. "ఒక శకం ముగిసింది" అంటే ఏం తెలుస్తది?

ఇగ పైసల ముచ్చట. నీ కథల సంస్మరణ సభకు అరపేజీ ఇచ్చినవు. ఫ్లెక్సీ, దండలు, మైకు, నలుగురు పెద్దమనుషులు. ఆ సభ ఖర్చు ఎవరు పెట్టిండ్రు, మిగిలింది ఎంత, అది రాజవ్వ చేతికి ముట్టిందా? మూడోనాడు పిట్టకు పెట్టేదానికి బియ్యం ఎవరింటి నుంచి వచ్చినయి? వచ్చే జాతరల జట్టుకు దొరికిన దాంట్ల మల్లయ్య వాటా తీసి పెట్టిండ్రా, పెడితే ఎన్నాళ్లు, వద్దన్నది ఎవరు? శారద అనే తంబూర మీటుకుంట కథలు చెప్పే శారదకథలోళ్లల్ల మొగడు కథ చెప్తే పెండ్లాం వంత పాడే జట్లు ఉన్నయి. ఆయన పోతే ఆమెకు మనిషీ పోతడు, పనీ పోతది. ఆమె వంతకు కొత్త కథకుడు దొరుకుతడా? ఒక జట్టు తన మనిషిని ఎట్ల తలుసుకుంటదో తెల్వాల్నంటే ఏడుపులు విని ఊకోకు, లెక్కలు అడుగు.

మల్లయ్య వయసును "అరవై అటూఇటూ" అని తేల్చినవు. అటా, ఇటా? పేదింట్ల సంపాదించే మనిషి 18 నుంచి 59 ఏండ్ల లోపట పోతే జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద ఇంటోళ్లకు 20 వేలు వస్తయి. అరవై దాటితే అది రాదు. బతికున్నప్పుడే అరవై దాటితే, కేంద్ర సాంస్కృతిక శాఖ ముసలి కళాకారులకు నెలకు 6 వేల దాక ఇచ్చే సాయానికి అర్జీ పెట్టుకోవచ్చు. దానికి ఆదాయం హద్దు ఉన్నది, కళాకారుడని చూపే కాగితాలు కావాలె. పుట్టిన తేదీ తెల్వనోళ్లకు ఆధార్‌ల జనవరి ఒకటో తారీఖు రాసి పెట్టిండ్రు, ఏడాది అందాజుగ. ఆ అందాజు మీదనే 20 వేలు నిలబడతయి, కూలబడతయి. సావును 21 రోజుల్ల నమోదు చేయిస్తే రుసుం లేదు. పదకొండో రోజు దాక ఇల్లు కర్మలల్ల ఉంటది, తర్వాత అప్పులోళ్లు వస్తరు, గడువు జారిపోతది. పంచాయతీ ఆఫీసుకు రాజవ్వను తీసుకపోయింది ఎవరు? నా లెక్కల ఆ మనిషే నీ కథకు నాయకుడు. నీ కథల ఆ మనిషే లేడు.

ఇంకొకటి. పోయినోని మీద నువ్వు పత్రికకు రాసే నాలుగు ముక్కలే రేపు అర్జీకి జతచేసే కాగితం కావచ్చు. ఊరు, మండలం, ఏ వాద్యం, ఎవరి దగ్గర నేర్చిండు, ఏ జాతరలల్ల కొట్టిండు, పోయిన తారీఖు, ఇవి లేకుండ "కళామతల్లి ముద్దుబిడ్డ" అని నింపితే ఆఫీసుల గుమాస్తా దాన్ని ఏం చేసుకుంటడు?

యాసల రాయాల్నా, పుస్తకం ఎప్పుడు ఏసుకోవాలె, పోటీలకు పంపాల్నా అని అడిగినవు. తర్వాత చూద్దాం.

కథను మళ్ల రాసి పంపు. శ్రావణం ముసురుల మల్లయ్య పోయిండని నువ్వే రాసినవు. మూడు రోజుల సంది వాన వదల్లేదని కూడ రాసినవు. మరి డప్పులు కాగబెట్టెటందుకు పొడి గడ్డి ఎవరి కొట్టంల దొరికింది?

మీ అన్న,
హనుమకొండ