తాతగారి ఉలులు, రెండున్నర లక్షల లిస్టు

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. నెలకు చేతికి 92,000 వస్తుంది. ఇంటి లోన్ ఈఎంఐ 34,000, పిల్లల ఫీజులతో కలిపి ఇంటి ఖర్చు 38,000, సిప్ 10,000. బ్యాంకులో 1,60,000 ఉన్నాయి. ఏప్రిల్‌లో 1,20,000 బోనస్ వస్తుంది. మా తాతగారు వడ్రంగి. ఆయన ఉలులు, చిత్రిక ఇప్పటికీ మా ఇంట్లో ఉన్నాయి. మేడ మీద గదిలో చెక్కపనికి చిన్న వర్క్‌షాప్ పెట్టుకోవాలని ఎన్నాళ్లుగానో కోరిక. టేబుల్ సా (బల్లకు బిగించిన కరెంటు రంపం) 60,000, ప్లేనర్ 85,000, లేత్ 40,000, పొట్టు లాగే యంత్రం 30,000, మిగతావి 45,000, మొత్తం 2,60,000 లెక్క తేలింది. రెండు లక్షలు పర్సనల్ లోన్ తీసుకుని, టేబుల్ సా మాత్రం నో-కాస్ట్ ఈఎంఐలో కొందామనుకుంటున్నాను. ఆ ఆఫర్ ఈ ఆదివారంతో అయిపోతుంది. కావాలంటే ఏడాదిపాటు సిప్ ఆపుతాను. టేబుళ్లు చేసి అమ్మితే డబ్బు తిరిగొచ్చేస్తుందని ఫ్రెండ్స్ అంటున్నారు. పీఎం విశ్వకర్మ పథకం నాకు వర్తిస్తుందా? మా ఆవిడ మాత్రం టెన్షన్ పడుతోంది.

జవాబు: ముందుగా ఒక మాట. ఈ కోరిక మానుకోమని నేను చెప్పను. నలభై దాటాక చేత్తో చేసే పని ఒకటి మొదలుపెట్టాలనిపించడం మంచి విషయం. దానికి ఖర్చు పెట్టడం దుబారా కాదు. నా అభ్యంతరమంతా లిస్టు మీదే, దాన్ని అప్పుతో కొనడం మీదే.

మీ అంకెలే చూద్దాం. 92,000లోంచి ఈఎంఐ, ఇంటి ఖర్చు, సిప్ తీసేస్తే నెలకు మిగిలేది 10,000. రెండు లక్షల లోన్‌కు 14 శాతం వడ్డీతో మూడేళ్లయితే నెలకు దాదాపు 6,835 కట్టాలి. టేబుల్ సాకి ఏడాదిపాటు నెలకు 5,000. రెండూ కలిపితే 11,835. మిగిలేదానికంటే కట్టాల్సిందే ఎక్కువ. సిప్ ఆపుతానని మీరు రాసింది అందుకే. పైగా ఆ లోన్ మీద మూడేళ్లలో వడ్డీకే 46,000 పోతుంది. ఆ డబ్బుతో ఒక గదికి సరిపడా చేతి పనిముట్లు వస్తాయి.

నో-కాస్ట్ ఈఎంఐ గురించి కూడా చెప్పాలి. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంక్ 2013లోనే బ్యాంకులకు రాసింది. క్రెడిట్ కార్డు మీద తీసుకుంటే జరిగేది ఇది: వడ్డీ ఉంటుంది, దానికి సమానమైన మొత్తాన్ని ధరలో ముందే తగ్గిస్తారు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మాత్రం మీరే కట్టాలి. 60,000 వస్తువుకు 16 శాతం వడ్డీ లెక్కన ఏడాదికి వడ్డీ 4,900 దాకా అవుతుంది, దానిమీద జీఎస్టీ 880. ప్రాసెసింగ్ ఫీజు, దానిమీద జీఎస్టీ వేరు. డబ్బు ఒకేసారి ఇచ్చేవాడికి షాపులో దొరికే తగ్గింపు కూడా మీకు పోతుంది. ఇది పెద్ద మోసమేమీ కాదు. ఒక్క నెల కార్డు బిల్లు పూర్తిగా కట్టలేకపోతే మాత్రం కథ మారిపోతుంది. కార్డు బాకీ మీద వడ్డీ ఏడాదికి 36 శాతం, ఆ పైన కూడా ఉంటుంది.

మీ ఆవిడగారి టెన్షన్‌కు అసలు కారణం ఇదేనని నా అనుమానం. నెలకు 72,000 తప్పనిసరి ఖర్చున్న ఇంట్లో 1,60,000 అంటే రెండు నెలల పైచిలుకు. ఉద్యోగంలో ఏదైనా తేడా వస్తే మూడో నెలకే చేతులు చాచాలి. ఆరు నెలల ఖర్చు, అంటే 4,32,000, పక్కన ఉండాలి. ఇంకా 2,72,000 తక్కువ. విచిత్రంగా అది మీ వర్క్‌షాప్ లిస్టుకు దగ్గరగానే ఉంది.

ఇప్పుడు యంత్రాల సంగతి. మీ లిస్టులో నన్ను ఎక్కువ ఆపింది 85,000 ప్లేనర్. దాని పని పలకను రెండు వైపులా ఒకే మందానికి తేవడం. కొత్తగా నేర్చుకునేవాళ్లకు నెలకు ఒకసారి, మహా అయితే రెండుసార్లు ఆ అవసరం వస్తుంది. కర్ర కొన్నచోటే చాలా సామిల్లుల్లో మిషన్ మీద చిత్రిక పట్టి ఇస్తారు. వెళ్లిన ప్రతిసారీ 400 అవుతుందనుకున్నా 85,000కు 212 సార్లు పట్టించుకోవచ్చు. నెలకోసారి వెళ్తే అది పదిహేడేళ్ల పైమాట. ఆ యంత్రాన్ని ఈ పదిహేడేళ్లూ ఇంట్లో పెట్టుకుని, బ్లేడ్లు మార్పిస్తూ, మేడ మీద అంత చోటు దానికే ఇవ్వడం ఎందుకు?

లేత్ విషయంలో మా ఇంట్లోనే చూసింది చెప్తాను. మా బావగారు చాలా ఏళ్ల క్రితం వాయిదాల మీద లేత్ కొన్నారు. ఆయన చేతిలో పనితనం ఉంది, అందులో సందేహం లేదు. కానీ ఆయనకు ఇష్టమైంది అలమరాలు, స్టూళ్లు చేయడం. లేత్ మీద చేసేది గుండ్రటి పని: గిన్నెలు, మంచం కోళ్లు, బొమ్మలు. ఏటికొప్పాకలో అంకుడు కర్రతో లక్కబొమ్మలు చేసేవాళ్లకు అదే ప్రాణం. ఆయన మాత్రం దానిమీద నాలుగు కోళ్లు తిప్పి ఆపేశారు. వాయిదాలు 18 నెలలు కట్టారు. ఆ 18 నెలలూ కర్ర కొనడానికి ఆయన దగ్గర డబ్బు లేదు. నాకు బాధనిపించింది అక్కడే. పనిముట్టు కొన్నందువల్ల పని ఆగిపోయింది. మీకు ఏ పని ఇష్టమో ఇంకా మీకే తెలియదు. నాలుగైదు వస్తువులు చేశాక తెలుస్తుంది. లేత్ సంగతి అప్పుడు చూడవచ్చు.

అందుకే బోనస్‌ను ఇలా విడదీయమంటాను. 90,000 అత్యవసర నిధికి, 30,000 వర్క్‌షాప్‌కి. నెలనెలా మిగిలే 10,000లో 6,500 ఆ నిధికే వెళ్లాలి. ఇరవై ఎనిమిది నెలల్లో లోటు పూడుతుంది. మిగతా 3,500 మీ చెక్కపనికి వేరే రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. 6.5 శాతం వడ్డీ అయినా ఏడాదికి 42,000 మీద 1,400 పైన కలుస్తుంది. సిప్ ఆపొద్దు. పిల్లల చదువు కోసం మొదలుపెట్టినదైతే అసలే వద్దు.

30,000తో ఏమొస్తుందని అడుగుతారు. మీ దగ్గర ఇప్పటికే ఉన్నదానితో మొదలుపెడదాం. తాతగారి ఉలులు ఎన్నున్నాయో మీరు రాయలేదు, నాలుగున్నా చాలు. తుప్పు ఉంటే ఒక రాత్రి వెనిగర్‌లో ఉంచి, పొద్దున ఇనుప పీచుతో తోమి, కడిగి, తడి లేకుండా తుడిచి, నూనె రాయండి. గాజు పలక మీద నీటి ఎమరీ కాగితం పరిచి ఉలి వీపును చదునుగా రుద్దండి. మొన వైపు అద్దంలా మెరిసేదాకా వదలొద్దు. తర్వాత వాలు వైపు సాన పట్టండి. మీ చేతి మీద వెంట్రుకలు గీసుకుపోయేంత పదును వస్తే ఆ ఉలికి ఇంకో తరం ఆయుష్షు ఉన్నట్టే. పిడి పగిలితే కొత్తది వేయించడం చిన్న ఖర్చు. చిత్రిక కూడా అంతే, లోపలి బ్లేడు బాగుంటే చెక్క దిమ్మె కొంచెం అరిగినా పని చేస్తుంది. వీటిని బాగుచేయడంలోనే మీకు పదును పట్టడం వచ్చేస్తుంది. ఈ పనిలో అన్నిటికంటే ముందు రావాల్సింది అదే.

కొనాల్సినవి మంచి సాన రాయి, రంపం, మూలమట్టం, డ్రిల్, అర డజను క్లాంపులు, వైస్ (ఈ రెండూ చెక్కను కదలకుండా పట్టి ఉంచేవి). పాత ప్యాకింగ్ పెట్టెల పైన్ కర్రతో పని బల్ల మీరే చేసుకోండి. మీ మొదటి ప్రాజెక్టు అదే అవుతుంది. కళ్లద్దాలు, చెవులకు మఫ్లు, ఎన్95 మాస్కులు కూడా ఈ డబ్బులోంచే కొనాలి, వాటిని చివరికి వదిలేయొద్దు. కర్ర పొట్టు మనిషికి క్యాన్సర్ కలిగించేదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన సంస్థ 1995లోనే మొదటి వర్గంలో చేర్చింది. పిల్లలున్న ఇల్లు. గది తలుపు మూసి పని చేయండి, పొట్టును చీపురుతో ఊడ్చి లేపకుండా తడిగుడ్డతో తీయండి. ఇవన్నీ కొన్నాక ఆరేడు వేలు కర్రకు మిగలాలి. మిగలకపోతే డ్రిల్ నాసిరకం కాకుండా చూసుకుంటూ క్లాంపులు తగ్గించండి.

కర్ర ఖర్చును చాలామంది తక్కువగా అంచనా వేస్తారు. ఒక టీపాయ్ లెక్క వేసి చూపిస్తాను. పైపలక నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అంగుళం మందం: 0.67 ఘనపుటడుగులు. రెండున్నర అంగుళాల కాళ్లు నాలుగు, ఒక్కోటి అడుగున్నర: 0.26. కింద చుట్టూ పట్టీలు పది అడుగులు, నాలుగంగుళాల వెడల్పు, అంగుళం మందం: 0.28. మొత్తం 1.2 ఘనపుటడుగులు. కోతలో, చిత్రికలో, మీ పొరపాట్లలో పోయే తరుగు 30 శాతం వేసుకోండి, 1.57 అవుతుంది. టేకు ఘనపుటడుగు 3,000 అనుకుంటే 4,700. జిగురు, ఎమరీ కాగితం, పాలిష్‌కి ఇంకో 900. మొదటి ఆరు నెలలు కొత్త టేకు జోలికే వెళ్లొద్దు. వేపకర్ర, మామిడి చెక్క మీద నేర్చుకోండి. పాత ఇళ్లు పడగొట్టిన గుమ్మాలు, దూలాలు అమ్మే దుకాణాలున్నాయి. అక్కడ దొరికే టేకు ఏళ్ల తరబడి ఆరి ఉంటుంది, వంకర తిరగదు. లోపల విరిగిన మేకులుంటాయి, అయస్కాంతం తిప్పి చూసుకుని కోయండి.

ఇదే టీపాయ్‌తో అమ్మకం లెక్క కూడా తేలుతుంది. మీకు 9,000 ఇచ్చేవాళ్లు దొరికారనుకుందాం. సామాను ఖర్చు 5,600 పోతే 3,400. కొత్తలో ఇలాంటి టేబుల్‌కి నాలుగు వారాంతాలు, దాదాపు 35 గంటలు పడుతుంది. గంటకు 97 రూపాయలు. ఆటో కిరాయి ఇంకా తీయలేదు. హైదరాబాద్‌లో పనితెలిసిన వడ్రంగి రోజుకు వెయ్యి పైనే తీసుకుంటాడు, అదే టేబుల్‌ని మీకంటే చాలా త్వరగా చేస్తాడు. కాబట్టి అమ్మకాన్ని నమ్ముకుని లోన్ తీసుకోవద్దు. తర్వాత ఎప్పుడైనా అమ్మడం మొదలుపెడితే ఆ ఆదాయాన్ని జీతంతో పాటు రిటర్న్‌లో చూపించాలి. అప్పుడు జీతగాళ్లు మామూలుగా వేసే ఐటీఆర్-1 ఫారం కుదరదు.

పీఎం విశ్వకర్మ మీకు రాదు. 2023 సెప్టెంబర్‌లో మొదలైన ఆ పథకంలో 18 వృత్తులున్నాయి, వడ్రంగం వాటిలో ఒకటి. పనిముట్లకు 15,000, తర్వాత ఐదు శాతం వడ్డీకి మొదట లక్ష, ఆపైన రెండు లక్షల వరకు రుణం. కానీ అది ఆ చేతిపనితో సొంతంగా బతుకుతున్నవాళ్లకే. తాతగారు ఇప్పుడు ఉండి పని చేస్తూ ఉంటే ఆయన అర్హులు, జీతం మీద బతికే మీరు కాదు. మీ వైపు బంధువుల్లో ఇంకా ఈ పని చేసేవాళ్లుంటే మాత్రం వాళ్లకు తప్పకుండా చెప్పండి. కామన్ సర్వీస్ సెంటర్‌లో నమోదు చేస్తారు.

ఏడాది గడిచాక, మూడు నాలుగు వస్తువులు పూర్తిగా చేసి ఉంటే, అప్పటికి రికరింగ్ డిపాజిట్‌లో చేరిన 43,000తో టేబుల్ సా ఆలోచించవచ్చు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో మిషన్ల దుకాణాలు వరసగా ఉన్నాయి. సెకండ్ హ్యాండ్‌ది దొరికితే తెలిసిన వడ్రంగిని వెంట తీసుకెళ్లండి. స్విచ్ వేసి బేరింగ్ చప్పుడు వినండి, ఆపాక బ్లేడును పక్కకు కదిపి చూడండి. ఆడితే వద్దు. బ్లేడు మీద గార్డు లేని మిషన్ ఎంత చవకగా ఇచ్చినా వద్దు. ఈలోపు కోత తొందరలో గ్రైండర్‌కు చెక్క కోసే బ్లేడు బిగించే పని చేయొద్దు. చాలాచోట్ల చేస్తున్నారు, వేళ్లు పోగొట్టుకుంటున్నారు. మిషన్ వచ్చేముందే గదికి 16 యాంప్స్ పాయింటు, సరైన ఎర్తింగ్ వేయించండి. కరెంటు బిల్లుకు భయపడక్కర్లేదు, 1,500 వాట్ల మోటారు గంట తిరిగితే ఒకటిన్నర యూనిట్లే.

ఇన్సూరెన్స్‌లో ఒక ఖాళీ ఉంది, అది ముందే పూడ్చండి. ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా అందరికీ ఉండాలి, కానీ అది మరణానికి, కన్ను, చేయి, కాలు పూర్తిగా పోయినప్పటికే. వేళ్లకు రాదు. పాక్షిక వైకల్యానికి కూడా ఇచ్చే పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ విడిగా తీసుకోండి. వేలికి ఇంత శాతం అని పట్టిక ఉంటుంది, అది చదివి, చెక్కపని అలవాటుందని దరఖాస్తులో రాసి కొనండి.

ఆదివారం ఆఫర్ వెళ్లిపోనివ్వండి. పండగకో, ఏడాది చివరికో అలాంటిది మళ్లీ వస్తుంది. ఈ ఆదివారం ఆ ఉలుల పెట్టె కిందికి దించి, ఏవి పనికొస్తాయో మీ ఆవిడగారిని కూడా కూర్చోబెట్టుకుని చూడండి. పైన ఇచ్చిన 90,000, 30,000 విభజన ఆమెకు చూపించండి. నిధికి వెళ్లే 6,500 ఆమె పేరుతో ఖాతాలో వేసినా నాకు అభ్యంతరం లేదు. పని బల్ల పూర్తయ్యాక దాని కొలతలు, ఖర్చు రాసి పంపితే తర్వాతి పనిముట్టు ఏదో కలిసి లెక్క వేద్దాం.