రద్దు కాదు బిడ్డా, ప్రొరోగ్

బిడ్డా,

2019ల బ్రిటన్ ప్రధానిగ ఉన్న బోరిస్ జాన్సన్ పార్లమెంటును ఆపిన సంగతి మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివిన. రెండోసారి ఎర్రపెన్ను పట్టుకున్న. 'బోరిస్ జాన్సన్ పార్లమెంటును రద్దు చేసిండు' అని మూడుచోట్ల రాసినవు. రద్దు చేయలేదు, రాణితో ప్రొరోగ్ చేయించిండు, అంటే ఆ సమావేశాలను ముగించేసిండు. రద్దయితే ఎన్నికలొస్తయి. వాయిదా అయితే సభ తన నిర్ణయంతో తనే లేస్తది. ప్రొరోగ్ అయితే గెలిచినోళ్లు గెలిచినట్టే ఉంటరు, మంత్రిని నిలదీసే చోటు మాత్రం ఉండదు. నీ వ్యాసం ప్రాణమంతా ఈ తేడాలనే ఉన్నది.

'రాణికి అబద్ధం చెప్పిండని కోర్టు తేల్చింది' అన్నవు. తేల్చలేదు. 2019 సెప్టెంబరు 24న బ్రిటన్ సుప్రీంకోర్టులో 11 మంది జడ్జిలు ఏకగ్రీవంగా ఇచ్చిన తీర్పు మళ్ల చదువు. ప్రధాని మనసులో ఏమున్నదో వాళ్లు తవ్వలేదు. ఆయన చేసిన పనితో సభకు ఏమైందో చూసిన్రు. అక్టోబరు 31కి బ్రెగ్జిట్ గడువు, అంటే యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటపడే గడువు. సెప్టెంబరు రెండో వారం నుంచి అక్టోబరు 14 దాకా సభకు తాళం. కొత్త సమావేశాలు మొదలుపెట్టే రాణి ప్రసంగం తయారుచేసుడుకే ఇదంతా అన్నది సర్కారు. దానికి మామూలుగా 4 నుంచి 6 రోజులు చాలని మాజీ ప్రధాని జాన్ మేజరే కోర్టుకు చెప్పిండు. మరి 5 వారాలెందుకు? సర్కారు సరైన కారణం చూపలేకపోయింది. ప్రొరోగేషన్ చెల్లదన్నరు, తెల్లారి సభ కూసున్నది.

అంతకుముందు లండన్ హైకోర్టు ఇది రాజకీయం, మేం తేల్చేది కాదన్నది. ఎడిన్‌బరోల కోర్టు తేల్చి, చట్టవిరుద్ధమన్నది. ఆ తగవు మీద నువ్వు ఒక్క వాక్యమన్న రాయలేదు. మన రాజ్యాంగంల 85, 174 అధికరణలున్నయి, రెండు సమావేశాల నడుమ ఆరు నెలలు దాటొద్దని. వాళ్లకు అట్ల ఒక్క పుస్తకంగ రాసుకున్న రాజ్యాంగం లేదు. అయినా సుప్రీంకోర్టు జడ్జిలు, సర్కారు సభకు జవాబు చెప్పాలన్న పాత సూత్రాన్ని పట్టుకొని అధికారానికి హద్దు గీసిన్రు. నన్నడిగితే వ్యాసం అక్కడ మొదలుకావాలె.

'ప్రజాస్వామ్యం ఖూనీ' అని మాత్రం ఏడుసార్లు రాసినవు. ఆ మాట మీద నాకు పాత పగ ఉన్నది. 1984 ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఎన్టీఆర్‌ను బర్తరఫ్ చేసినప్పుడు నాకు 23 ఏండ్లు. కొత్త ముఖ్యమంత్రికి బలం చూపుడుకు నెల గడువిచ్చిన్రు. హన్మకొండల కిరాయి అర్రల కూసోని రోజూ పేపర్లు కత్తిరించి, తేదీలు వేసి ఎనిమిది పేజీలు రాసిన. సభ ఒక్కపూటల తేల్చే లెక్కకు నెలెందుకని అడిగిన. ఒక వారపత్రిక ఎడిటర్ నా తేదీలన్నీ కొట్టేసి, ఆ ప్రశ్న తీసేసి, పైన 'ప్రజాస్వామ్యం ఖూనీ' అని పెట్టి అరపేజీ వేసిండు. కాజీపేట స్టేషన్ల ఆ పత్రిక కొని చదివిన. నా పేరు కింద నా మాట ఒక్కటి లేదు. ఎక్కాల్సిన బండి ఎక్కకుండ బెంచీ మీదనే కూసున్న. ఇప్పటి ఎడిటర్లకు కూడా గదే మాట కావాలె, ఎందుకంటే దానికి రుజువు చూపే పనుండదు. నువ్వు వాళ్ల కోసం రాయకు. ఎన్ని రోజులు ఆపిన్రో లెక్కపెట్టు, ఏం కారణం చెప్పిన్రో పక్కన పెట్టు.

నా పెన్ను ఒక్కచోట ఆగింది. 2024 ఫిబ్రవరి నుంచి మన తెలంగాణ ఊర్లల్ల సర్పంచులు లేక ప్రత్యేకాధికారుల పాలన నడిచినప్పుడు, మీ నాయనమ్మ కాగితం పట్టుకొని పంచాయతీ ఆఫీసు గడప మీద కూసున్నదని నాలుగు వాక్యాలు రాసినవు. అక్కడ ఖూనీ అన్న మాట నీకు అవసరం పడలేదు. ఆ నాలుగు వాక్యాలు ఆఖరున దాచినవు, ముందుకు తే. కానీ రెండూ ఒకటేనని రాయకు. లండన్‌ల ఉన్న సభను ఆపిన్రు, మీ ఊర్ల పదవీకాలం అయిపోయినంక ఎన్నిక పెట్టలేదు.

పోటీకి పంపాల్నా అని అడిగినవు. ముందు 'రద్దు' కొట్టెయ్యి. మీ నాయనమ్మ ఆ గడపకు ఎన్నిసార్లు పోయొచ్చిందో, ఏ రోజు ఎవరేం చెప్పి పంపిన్రో అడిగి రాసుకో. ఆదివారం ఆ కాగితాలు పట్టుకొని ఇంటికి రా.