సైటు బాధ్యత తీసుకోబోతున్న చిన్నాకి

చిన్నా,

సోమవారం నుంచి సైటు నువ్వే చూసుకుంటావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషమనిపించింది. డ్రాయింగులు, లెక్కలు నాకన్నా నీకే బాగా వచ్చు, వాటి జోలికి పోను. పొద్దున పనిలోకి వచ్చిన మనిషి సాయంత్రం అలాగే ఇంటికి వెళ్ళాలి కదా, ఆ ఒక్క విషయం గురించే రాస్తున్నాను.

ముందు నా వల్ల జరిగిన ఒక సంగతి చెబుతాను. స్లాబులో డక్ట్ కోసం, అంటే పైపులు, వైర్లు పైకీ కిందికీ వెళ్ళడానికి వదిలిన కంత మీద ప్లైవుడ్ షీటు వేయించాను. మేకులు కొట్టించలేదు, దాని మీద ఏమీ రాయించలేదు. రెండు రోజుల తర్వాత ఒక సెంట్రింగ్ కుర్రాడు వాడని షీటనుకుని దాన్ని రెండు చేతులా ఎత్తి ఒక అడుగు ముందుకు వేశాడు. షీటు అడ్డుగా ఉండటంతో కాళ్ళ ముందున్న కంత కనబడలేదు. రెండంతస్తుల కిందకి పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ నడుము మళ్ళీ బాగవ్వలేదు. అప్పుడు అతని తలమీద హెల్మెట్ ఉంది. తప్పు అతనిది కాదు, నాది.

అప్పటినుంచి మూత అంటే నాకు కదలని మూతే. బిగించాలి, రంగు వేయాలి, 'కింద కంత ఉంది, తీయొద్దు' అని పనివాళ్ళు చదవగలిగే భాషలో రాయించాలి. పెద్ద కంతైతే చుట్టూ రెయిలింగ్ కట్టించు. హెల్మెట్లు, షూలు ఇచ్చేశాం, సేఫ్టీ అయిపోయిందని చాలామంది అనుకుంటారు. అవన్నీ చివరి అడ్డు మాత్రమే. ముందు ప్రమాదాన్నే లేకుండా చెయ్యాలి, కుదరకపోతే దానికీ మనిషికీ మధ్య ఏదో ఒకటి అడ్డం పెట్టాలి.

సేఫ్టీ బెల్ట్ విషయంలో కూడా ఇంతే. బెల్ట్ వేసుకున్నాడా అని కాదు, హుక్ ఎక్కడ తగిలించాడో చూడు. రెండు మీటర్ల తాడును కాళ్ళ దగ్గర తగిలిస్తే, తాడు బిగిసేసరికే మనిషి దాదాపు నాలుగు మీటర్లు పడిపోతాడు. ఈలోపే కింది స్లాబు తగలొచ్చు. హుక్ ఎప్పుడూ తలకన్నా పైన, బరువు ఆపగల చోట ఉండాలి. పరంజా గొట్టానికో, వదులుగా ఉన్న చువ్వకో తగిలిస్తే ఒప్పుకోకు. పడినవాడు బెల్ట్‌కి వేలాడుతూ ఉండిపోతే కాళ్ళలోకి రక్తం దిగిపోయి నిమిషాల్లోనే ప్రాణం మీదకు రావచ్చు. అందుకే ఎవరైనా పడితే ఎలా దించాలన్నది పని మొదలుపెట్టకముందే తేల్చుకో.

మట్టి గుంతలంటే నాకు ఇప్పటికీ భయం. చూస్తే మెత్తగా ఉంటుంది గానీ ఒక ఘనపు మీటరు మట్టి ఒకటిన్నర టన్నులకు తగ్గదు. ఛాతీ దాకా కూరుకుపోయినవాడికి తల బయటే ఉన్నా ఊపిరాడదు. మనిషి లోతు గుంత అంటే పక్కలకు ఆధారం పెట్టించు, లేదా ఏటవాలుగా తవ్వించు. తీసిన మట్టిని, వాహనాలను అంచుకు దూరంగా ఉంచు. దిగడానికి, ఎక్కడానికి నిచ్చెన ఉండాలి. వాన పడ్డ మర్నాడు నువ్వు స్వయంగా చూడనిదే ఎవర్నీ దించొద్దు. మాన్‌హోల్‌లోనో, ట్యాంకులోనో ఒకడు పడిపోతే కాపాడదామని ఇంకొకడు దూకుతాడు, ఇద్దరూ పోతారు. లోపలి గాలి పరీక్షించకుండా ఎవరూ దిగకూడదని గట్టిగా చెప్పు.

కరెంటు సంగతి క్లుప్తంగా చెబుతాను. చేతి మిషన్లన్నీ 30 మిల్లీయాంప్స్ ఆర్‌సీసీబీ మీదే, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్ మీదే నడవాలి. దాని టెస్ట్ బటన్ నొక్కి చూస్తూ ఉండు. అతుకుల వైర్లు నీళ్ళలో పడి ఉంటే అక్కడికక్కడే తీయించు.

ఇక అసలు మాట. జాగ్రత్తలన్నీ పెద్ద పనికే తీసుకుంటారు. 'ఐదు నిమిషాల పనే కదా' అన్న దగ్గర అన్నీ వదిలేస్తారు. ఒక్క బల్బు మార్చాలి, ఒక్క మేకు కొట్టాలి, ఒక్క బకెట్ అందివ్వాలి. ఈ మాట ఎక్కడ వినబడినా నువ్వు ఆగి చూడు.

పనివాళ్ళకు ప్రమాదం మనకన్నా ముందే తెలుస్తుంది. పని ఆగితే కూలి పోతుందేమో, మేస్త్రీ తిడతాడేమో అని నోరు విప్పరు. అందుకని మొదటి రోజే అందరి ముందూ చెప్పు, ప్రమాదమనిపించి పని ఆపినవాడి కూలి తగ్గదని. చెప్పాక మాట నిలబెట్టుకో. ఎవరైనా 'సార్, నిన్న పైనుంచి ఇటుక జారి పక్కనే పడింది' అంటే కోప్పడకు. థాంక్స్ చెప్పి, వెంటనే వెళ్ళి ఆ అంచుకు అడ్డం కట్టించు. ఒక్కసారి తిట్టావంటే రెండో కబురు నీదాకా రాదు.

పైనుంచి గడువు టెన్షన్ ఉంటుంది, నాకు తెలుసు. స్లాబు ఒకరోజు ఆలస్యమైతే నేనూ మాటలు పడ్డాను. ఆ మాటలు మర్చిపోయాను గానీ ఆ కుర్రాడి ముఖం మర్చిపోలేదు.

సోమవారం రాత్రి ఫోన్ చెయ్యి. కంతలు ఎన్ని ఉన్నాయి, ఎన్నిటికి మూతలు బిగించారు అని ముందు అదే అడుగుతాను. లెక్క రాసిపెట్టుకో.

ప్రేమతో,
పెదనాన్న