పక్కింటావిడ డ్యాన్సుకి రమ్మంటోంది, మావారు వద్దంటున్నారు

ప్రశ్న: మాది రాజమండ్రి. నాలుగేళ్ళుగా ఐర్లాండ్‌లో, క్లేర్ కౌంటీలోని ఒక చిన్న ఊళ్ళో ఉంటున్నాం. నాకు 43. మావారు రోజూ లిమెరిక్ వెళ్ళి ఉద్యోగం చేసొస్తారు, పాపకి పదిహేనేళ్ళు. నేను ఇంట్లోనే. పక్కింటావిడ మంగళవారం రాత్రి పారిష్ హాల్లో (చర్చి వాళ్ళ హాలు) సెట్ డ్యాన్సింగ్ క్లబ్బుకి రమ్మని రెండు నెలలుగా పిలుస్తోంది. చిన్నప్పుడు కోలాటం వేసేదాన్ని, అందుకే వెళ్ళాలనిపిస్తోంది. మావారేమో "ఎవరో ముసలాయన నిన్ను పట్టుకుని తిప్పుతుంటే బాగుంటుందా, మనవాళ్ళకి తెలిస్తే పరువు పోతుంది" అంటున్నారు. పాప నవ్వుతోంది. వాళ్ళ సంప్రదాయం నాకేం అబ్బుతుందిలే అని నాకూ ఉంది. ఆయన ఎలాగూ ఆలస్యంగా వస్తారు, చెప్పకుండా వెళ్ళొచ్చేయనా? అసలు ఈ వయసులో నాకిది అవసరమా?

జవాబు: చెప్పకుండా వెళ్ళకండి. ముందు ఇదే ఎందుకు చెబుతున్నానంటే మీ ఉత్తరంలో నాకు భయం వేసిన మాట అదొక్కటే. మీ ఊరంత ఊళ్ళో మంగళవారం రాత్రి హాల్లో ఎవరెవరున్నారో బుధవారం పాల ప్యాకెట్ కొనేలోపు అందరికీ తెలిసిపోతుంది, ఆ సంగతి మీవారు ఇంకొకరి నోట విన్నారంటే ఏ తప్పూ చెయ్యకుండానే మీరు దొంగలైపోతారు.

వెళ్ళడం మాత్రం వెళ్ళండి.

నేను ఐర్లాండ్‌లో ఉన్న రోజుల్లో ఒక చలికాలమంతా ఇలాంటి హాలుకే వెళ్ళాను. మీవారు ఊహించుకుంటున్నది లైట్లు తగ్గించి చేసే డ్యాన్సేమో. నేను వెళ్ళిన చోట ట్యూబులైట్లన్నీ వెలుగుతుండేవి, గోడవారగా కుర్చీలు, సగం మంది రిటైరైన టీచర్లూ రైతులూ. నాలుగు జంటలు చదరంగా ఎదురెదురుగా నిలబడతాయి. చెయ్యి పట్టుకోవడం ఉంటుంది, స్వింగ్ అన్నప్పుడు వీపు వెనక చెయ్యి వేసి గిర్రున తిప్పడమూ ఉంటుంది, లేదని మీకు అబద్ధం చెప్పను. కానీ మొదటిరోజు నన్ను తిప్పిన పెద్దాయనకి డెబ్బై దాటాయి, ఆయన ధ్యాసంతా నేను పక్క జంట మీదకి పోకుండా చూడటం మీదే, మోచెయ్యి పట్టుకుని గానుగెద్దుని మళ్ళించినట్టు మళ్ళించాడు. నాకు సిగ్గుపడే తీరికే దొరకలేదు. కళ్ళు తిరుగుతున్నాయంటే "నేలకేసి చూడకు, నా మొహం చూడు" అన్నాడు. అది నిజంగా పనిచేస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఈ క్లబ్బుల్లో మగవాళ్ళకి ఎప్పుడూ కొరతే, ఇద్దరు ఆడవాళ్ళు జంట కట్టడం అక్కడ మామూలు. మీరూ పక్కింటావిడతోనే నిలబడండి. అయితే "ఆడవాళ్ళతోనే చేస్తానండీ" అని మీవారికి మాటివ్వకండి. మధ్యలో జంటలు మారే సెట్లు చాలా ఉన్నాయి, ఇచ్చిన మాట తప్పాల్సి వస్తుంది.

మీవారి అభ్యంతరం ఆ దేశానికి కొత్తేం కాదు. దాదాపు వందేళ్ళ కిందట అక్కడి చర్చి పెద్దలు సరిగ్గా ఇదే గోల పెట్టారు. 1935లో బహిరంగంగా డ్యాన్సు పెట్టాలంటే కోర్టు లైసెన్సు ఉండాలని ప్రభుత్వం చట్టమే తెచ్చింది, చివరికి వంటింట్లో నలుగురు చేరి ఆడుకుంటున్నా ఫాదర్లూ పోలీసులూ వచ్చి ఆపించేవాళ్ళు. ఇప్పుడు అదే డ్యాన్సుకి మిమ్మల్ని పారిష్ హాలుకే పిలుస్తున్నారు. ఇక సంప్రదాయం అబ్బుతుందా అంటారా, ఈ సెట్ల పుట్టుకే ఫ్రెంచివాళ్ళ క్వాడ్రిల్ అనే జంటల డ్యాన్సు. కేలీ అనే పేరుతో డ్యాన్సు సభ మొదట జరిగిందీ ఐర్లాండ్‌లో కాదు, 1897లో లండన్‌లో, అక్కడికి వలస వెళ్ళినవాళ్ళ మధ్య. మనవాళ్ళు పరాయి దేశంలో హాలు అద్దెకు తీసుకుని బతుకమ్మ ఆడుకున్నట్టే అనుకోండి.

అవసరమా అని అడిగారు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నాలుగేళ్ళున్న ఊరు గురించి రాస్తూ మీ ఇంటివాళ్ళు కాక మీరు ప్రస్తావించిన మనిషి ఒక్కరే, ఆవిడ కూడా "పక్కింటావిడ". ఆవిడ పేరు మీకు తెలుసో లేదో నాకు అనుమానమే. అందుకే అవసరం అంటున్నాను. వాళ్ళ యాస అర్థం కాదనో, ఏం మాట్లాడాలో తెలియదనో మీరు తలుపు దాటడం లేదేమో, ఈ డ్యాన్సులో మాట్లాడే పనే లేదు. వాల్స్ ఆఫ్ లిమెరిక్ అని ఒకటుంది, కొత్తవాళ్ళకి ఎక్కువగా దాంతోనే మొదలుపెడతారు. రెండు జంటలు ఎదురెదురుగా ముందుకెళ్ళి వెనక్కొస్తాయి, ఆడవాళ్ళు చోటు మారతారు, తర్వాత మగవాళ్ళు, ఆ తర్వాత ఎదుటి జంటలో మనిషి చెయ్యి పట్టుకుని పక్కకి ఏడు లెక్కపెడుతూ అడుగులు (ఈ ఏడడుగుల సంగతి మీవారికి ఇప్పుడే చెప్పకండి), చివర్లో మీ జోడీతో ఒక చుట్టు. ఆ చుట్టు అయ్యేసరికి మీ ఎదురుగా కొత్త జంట నిలబడి ఉంటుంది. మళ్ళీ మొదలు. ఒక్క మాట మాట్లాడకుండానే హాల్లో సగంమంది చేతులు పట్టుకుని ఉంటారు.

కోలాటం వేసిన కాళ్ళకి తాళం కష్టం కాదు. అక్కడి తాళాల్లో జిగ్ అంటే తకిట తకిట, రీల్ అంటే తకధిమి. ఫోన్లో రీల్ కాదు సుమా.

మీవారిని "వెళ్ళనా?" అని అడక్కండి. "మంగళవారం వెళ్తున్నాను, ఒకసారి మీరూ వచ్చి కూర్చోండి" అనండి. ఆయన భయం ఆ ముసలాయన గురించి అయ్యుండదని నా అనుమానం, తనకి తెలియని చోట మీకో లోకం ఏర్పడుతుందని అయ్యుంటుంది, అది చూస్తే సగం తగ్గుతుంది. వస్తే కుర్చీలో ఎక్కువసేపు కూర్చోనివ్వరు కూడా, సెట్‌కి ఎనిమిదో మనిషి కోసం వెతుక్కోవడం అక్కడ రోజూ ఉండేదే. రానంటే బలవంతం చెయ్యకండి, సాధింపూ వద్దు, మీరు వెళ్ళి రండి. కారు తాళం దాచడం, చేతిలో డబ్బు లేకుండా చూడటం దాకా వస్తే మాత్రం అది డ్యాన్సు గొడవ కాదు, వెంటనే నాకు మళ్ళీ రాయండి.

మనవాళ్ళ పరువు సంగతి వదిలేయండి, వాళ్ళలో ఒకరిద్దరు వచ్చే ఏడాదికి మీతోనే వస్తారు. పదిహేనేళ్ళ పిల్లకి అమ్మ ఏం చేసినా నవ్వులాటే.

చుడీదార్ చాలు, చున్నీ ఇంట్లో పెట్టేయండి. విగ్గులూ మెరుపు గౌన్లూ పోటీల్లో ఆడే పిల్లలకి, మీకు కాదు. రబ్బరు అడుగున్న బూట్లు వేసుకోకండి, తిరిగేటప్పుడు పాదం నేలకి పట్టేసి మోకాలు మెలిపడుతుంది, నున్నటి అడుగున్న పాత చెప్పుల జత, మడమకి పట్టీ ఉన్నది చూసుకోండి. మధ్యలో టీకి ఆపుతారు. అప్పుడు కుర్చీలో కూర్చోకుండా కప్పులు కడుగుతున్న సింకు దగ్గరికి వెళ్ళి ఓ తువ్వాలు అందుకుని తుడవడం మొదలుపెట్టండి, నాకు అందరి పేర్లూ తెలిసింది అక్కడే.